హార్వెల్ గొలుసు

హార్వెల్ ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే ప్రతి కుర్రాడూ బడి వదిలే ఏడాది తాకి తీరాల్సిన ఇనప ముక్క ఒకటుంది. అది మైలో హ్రుస్కా తాళంచేతుల గుత్తికి వేలాడుతూ ఉంటుంది. ఏదో గొలుసులోంచి ఊడొచ్చిన ఒకే ఒక్క లంకె. పొడవు అంగుళం, అంతే. శుక్రవారం సాయంత్రం సొంత మైదానంలో ఆట ఉంటే మైలో గేటు దగ్గర ఆ గుత్తి పట్టుకుని నిలబడతాడు. ఆఖరి ఏడాది కుర్రాళ్ళు వరసగా వచ్చి, వేలితో లంకెను తాకి లోపలికి పోతారు. ఒక ఏడు ఎవడో తెలివైనవాడు ఇదంతా చాదస్తమని తాకకుండా పోయి, ఆటంతా బంతిని జారవిడుస్తూనే ఉన్నాడు. అప్పట్నించీ తల్లులే ఇంట్లో హెచ్చరించి పంపిస్తున్నారు.

అది మామూలు లంకె కాదు మరి. హార్వెల్ బడి జట్టు రాష్ట్రం మొత్తానికి గెలిచిన ఆటలో వాడిన గొలుసు తాలూకుది. నూరేళ్ళలో గెలిచిందల్లా ఆ ఒక్కసారే. నీళ్ళ ట్యాంకు మీద ఊరి పేరుకన్నా పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: రాష్ట్ర విజేతలు, 1977. దారిన పోయేవాళ్ళు ఆ అంకె చూసి ఊరి జనాభా అనుకుంటారు. హార్వెల్‌లో అంతమంది ఏనాడూ లేరు.

ఆట సంగతికొస్తే, బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటివాళ్ళ మీద పడి ముందుకు తోసుకుపోవాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోతే ఇంకో నాలుగు దక్కుతాయి. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. పోయారా లేదా అని తగువొస్తే గొలుసే తీర్పరి. రెండు కర్రలు, వాటి మధ్య పది గజాల గొలుసు. మైదానం అంచు నుంచి తెచ్చి బిగలాగి పట్టుకుంటే, బంతి ముక్కు ముందు కర్రను దాటిందో లేదో తేలిపోతుంది. దాని మీద అప్పీలు లేదు.

ఆ గొలుసు హ్రుస్కాల చేతిలో ఉండేది. మైలో తండ్రి ఎమిల్ ఊరి కమ్మరి. డెబ్భై ఏడులో ఆఖరి ఆటకు ముందు రోజు, మొక్కజొన్న లారీ ఒకటి గట్టున పడేసి ఉన్న గొలుసు మీద ఎక్కింది. ఒక లంకె చిట్లింది. ఎమిల్ దాన్ని కోసి పారేసి, అటూ ఇటూ ఉన్న లంకెల్ని కొలిమిలో కలిపి అతికించాడు. అతికింది గట్టిగా ఉందో లేదో చూడ్డానికి ఏకంగా ట్రాక్టరుకు కట్టి లాగించాడు. తెగలేదు. "ఇది నాకన్నా ఎక్కువ కాలం ఉంటుంది," అన్నాడు. ఉంది కూడా.

మర్నాడు హార్వెల్ మైదానంలోనే ఆట, లింగ్రెన్‌తో. ఎనిమిది మైళ్ళ అవతల, స్వీడన్ నుంచి వలస వచ్చినవాళ్ళ ఊరు. హార్వెల్ వాళ్ళంతా చెక్ జాతివాళ్ళు. ఒకరి చర్చికి ఒకరు పోరు, ఒకరి పెళ్ళిళ్ళకు మాత్రం తిండి కోసం పోతారు. ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా హార్వెల్ వెనకబడి ఉంది. నాలుగో ప్రయత్నం. మెర్ల్ పోకోర్నీ బంతి తీసుకుని ఆంబోతులా దూకాడు. లింగ్రెన్ కుర్రాడు డ్వేన్ ఎక్‌బ్లాడ్ ఎదురెళ్ళి గుద్ది, అక్కడికక్కడే పడగొట్టాడు. గొలుసు తెచ్చారు. వెనక కర్ర ఎమిల్ పట్టుకున్నాడు. ముందు కర్ర మైలోది. పదహారేళ్ళవాడు, భుజం ఎముక విరిగి ఆ ఏడాది ఆడలేక తండ్రికి సాయంగా వచ్చాడు. బాగున్న చేత్తోనే గొలుసు బిగలాగాడు. బంతి ముక్కు కర్రను దాటి ఉంది. ఎంత దాటిందంటే, చిటికెన వేలు మధ్యలో పెడితే పట్టదు. మరుసటి దూకుడుకే మెర్ల్ మైదానం చివరి గీత దాటాడు, ఆట హార్వెల్‌దైంది. ఊరు మైదానంలోకి ఉరికింది.

ఆ సాయంత్రమే ఎమిల్ చిట్లిన లంకెను చెత్తలోంచి ఏరి, సుత్తితో సరిచేసి కొడుక్కిచ్చాడు. "దాచుకోరా. దీని తోబుట్టువులే మనల్ని గెలిపించినై."

డ్వేన్‌కి మాత్రం ఆ రోజు నుంచీ పేరు మారిపోయింది. ఇంకొక్క అంగుళం వెనక్కి తోసి ఉంటే లింగ్రెన్ గెలిచేది కాబట్టి, రెండు ఊళ్ళవాళ్ళూ అతన్ని అంగుళం అన్నారు. తపాలా మనిషి అంగుళం అన్నాడు. పాస్టరు గారు కూడా ఒకసారి నోరు జారారు. నాలుగేళ్ళకు డ్వేన్ ప్రేమించి పెళ్ళాడింది ఎవర్నయ్యా అంటే మైలో అక్క లవోన్‌ని. పెళ్ళి కేకు మీద జీన్ బార్టోస్ స్కేలు నుంచి విరిచిన అంగుళం ముక్క గుచ్చాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది పెళ్ళికొడుకే. హార్వెల్ మైదానంలో మైకు పట్టేవాడు ఈ జీనే. ఆ తర్వాత డ్వేన్ ఎప్పుడు ఆట చూడ్డానికొచ్చినా, "మన అల్లుడు అంగుళం గారు విచ్చేశారు, కాస్త జరిగి చోటివ్వండి, ఎక్కువ అక్కర్లేదు," అని మైకులో అనకుండా వదిలేవాడు కాదు. జనం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవారు. డ్వేన్ టోపీ తీసి ఊపేవాడు.

హార్వెల్ ఆట మొదట్నించీ కష్టాల మీదే నడిచింది. జట్టు పుట్టింది పశువుల మేత పొలంలో. ఆట మొదలయ్యే ముందు ఆవుల్ని తోలి, పేడ ఎత్తి, సున్నం గీతలు గీసేవారట. యుద్ధం రోజుల్లో ఆడేవాళ్ళంతా పటాలంలోకి పోతే రెండేళ్ళు జట్టే లేదు. ఆడపిల్లలు మైదానంలో గడ్డి కోస్తూ కాపాడారు. తర్వాత పెద్ద కమతాలు చిన్న కమతాల్ని మింగాయి, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, పదకొండు మందితో ఆడే జట్టు ఎనిమిది మందితో ఆడే జట్టయింది. కిందటేడు ఆ ఎనిమిది మందీ కరువయ్యారు. లింగ్రెన్‌దీ అదే పరిస్థితి. పగవాడితో పొత్తు తప్ప గతి లేదు.

రెండు బళ్ళూ కలపడానికి పెట్టిన సమావేశం ఆస్తి పంపకంలాగే సాగింది. బడి భవనం లింగ్రెన్‌లో. రంగులు లింగ్రెన్‌వి. బ్యాండు మేళం లింగ్రెన్‌దే, ఎందుకంటే హార్వెల్‌లో బాకా ఊదేవాళ్ళు ఇద్దరే మిగిలారు, వాళ్ళూ అక్కచెల్లెళ్ళే. పేరు ఎవరిదీ వద్దని వ్యాలీ అని పెట్టుకున్నారు. మైదానం మాత్రం హార్వెల్‌ది బాగుంటుందన్నారు. అప్పుడు మైలో వెనక వరసలోంచి లేచాడు. జన్మలో సభలో మాట్లాడి ఎరగడు.

"పేరు పోయింది, రంగు పోయింది. గొలుసు మాత్రం మాదే వాడాలి."

ఎవరూ కాదనలేదు. మైదానం, గొలుసు హార్వెల్‌వి అని తీర్మానమైంది. గొలుసు పట్టేవాళ్ళు మాత్రం ఊరికి ఇద్దరు చొప్పున ఉండాలన్నారు. లింగ్రెన్ తరఫున మొదటి పేరు డ్వేన్‌దే వచ్చింది. గదంతా నవ్వింది.

మొదటి ఆట శుక్రవారం. మంగళవారం సాయంత్రం బావా బావమరదులిద్దరూ గొలుసు ఒకసారి సరిచూసుకుందామని మైదానంలో కలుసుకున్నారు. చుట్టూ మొక్కజొన్న మనిషెత్తున నిలబడి ఉంది. డ్వేన్ ట్రక్కు దిగుతూ ఒక సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఏంటి బావా ఆ సంచీలో?" అన్నాడు మైలో. "మీ స్వీడన్ వాళ్ళు సున్నంలో నానబెట్టి తినే చేపా?"

"మా గొలుసు. అదనంగా ఒకటి ఉంటే మంచిదని మీ అక్కే పెట్టింది."

"మా గొలుసు తెగదు."

"తెలుసులేవోయ్. పెళ్ళైన రోజు నుంచీ వింటూనే ఉన్నా. ట్రాక్టరు కట్టి లాగారు, తెగలేదు. నాకు కట్నంగా ఇచ్చింది ఆ కథొక్కటే."

మైలో నవ్వుకుంటూ తన గొలుసు గడ్డి మీద పరిచాడు. ఊరికే సరదాకి డ్వేన్ తనదీ పక్కనే పరిచాడు. వెనక కర్రలు రెండూ ఆనించి పట్టుకుని, "లాగు బామ్మర్దీ," అన్నాడు.

మైలో రెండు ముందు కర్రలూ పట్టుకుని లాగాడు. కర్రలు పక్కపక్కకు రాలేదు. ఒకటి కాస్త వెనకే ఉండిపోయింది.

"సరిగ్గా లాగవోయ్. ముసలాడివైపోయావా?"

"సరిగ్గానే లాగా. మీది సాగిందిలే. లింగ్రెన్ సరుకు."

"నిరుడు కొన్నాం. ఇనప గొలుసు సాగుతుందా, రబ్బరా?"

మైలోకి కోపం వచ్చింది. ట్రక్కులోంచి స్టీలు టేపు తెచ్చాడు. తాళంచేతుల గుత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఇద్దరూ పట్టుకుని కొలిచారు. లింగ్రెన్ గొలుసు పది గజాలు, వెంట్రుకవాసి తేడా లేదు. హార్వెల్ గొలుసు పొట్టిది. ఎంత పొట్టిదో దగ్గరగా చూద్దామని మైలో మోకాళ్ళ మీద కూచుని రెండు ముందు కర్రల మధ్యకు వంగాడు. చేతిలోని గుత్తి గడ్డికి ఆనింది. గుత్తికున్న లంకె సరిగ్గా ఆ రెండు కర్రల మధ్య ఖాళీలోకి జారి, అటూ ఇటూ కదలకుండా పట్టేసింది.

ఇద్దరూ దానివంకే చూశారు. చూడ్డానికి అదేమీ కొత్తది కాదు. ఊరు ఊరంతా నలభై ఏడేళ్ళుగా చూస్తున్నదే, తాకుతున్నదే. గొలుసులోంచి తీసిన లంకె ఇదిగో ఇక్కడుంటే గొలుసులో ఏమున్నట్టు అని మాత్రం ఒక్కరికీ తోచలేదు. మొక్కుబడి వస్తువుకు లెక్క ఎవరు చూస్తారు? 

డ్వేన్ మోకాలి మీద చేయి ఆనించి లేచాడు. తన గొలుసు తాపీగా చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"బావా..."

"లవోన్‌కి అసలు చెప్పకు."

ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. పోతూ ఒక్క వెటకారం మాట కూడా అనలేదు. మైలోకి భయం వేసింది అందుకే.

ఇంటికొచ్చి తండ్రి కొలిమి పాకలో కూచున్నాడు. ఇప్పుడందులో వెల్డింగు మిషను ఉంది గానీ, ఇనుము సాగగొట్టే దాగలి తండ్రిదే, పటకార్లు తండ్రివే. నాన్నకు తెలుసా? తెలిసే చేశాడా? ఎంత ఆలోచించినా ఆ మనిషి మొహంలో దొంగతనం కనబడలేదు. కమ్మరి బుర్ర అది. గొలుసు చేతికొస్తే తెగుతుందా తెగదా అని చూస్తుంది. నాగలికైనా, బావి బకెట్టుకైనా, ఎద్దుకైనా ఆయన వేసిన గొలుసుల్లో లంకె ఎక్కువైందా తక్కువైందా అని అడిగినవాడు లేడు. ఈ ఒక్క గొలుసుకు బలంతో పనిలేదనీ, పొడుగే దాని ప్రాణమనీ ఆయనకు ఆ కంగారులో తట్టలేదు. మైలోకి మాత్రం అది స్పష్టంగా అర్థమైంది. కానీ ఊరికి ఎలా అర్థమవుతుంది? ఎమిల్ కొలతలో మోసం చేశాడంటారు. ఉన్న ఒక్క గెలుపూ దొంగ గెలుపంటారు. బడి పోయిన ఊరికి ఇక మిగిలింది నీళ్ళ ట్యాంకు మీద ఆ ఒక్క ముక్కే. చెప్పొద్దన్నది నష్టపోయినవాడే. అలాంటప్పుడు నోరు మూసుకోవడం ఎంత సుఖం! మైలో ఆ సుఖాన్ని ఒక రోజు అనుభవించి చూశాడు. అన్నం సహించలేదు.

బుధవారం మధ్యాహ్నం లవోన్ వచ్చింది. గసగసాల కొలాచీలు, అవే చెక్ వాళ్ళ తీపి రొట్టెలు, పళ్ళెంలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పి తెచ్చింది. పళ్ళెం దాగలి మీద పెట్టి, కొంగు బిగించినదానిలా నిలబడింది.

"ఆయన్నేమన్నావురా?"

"ఏమీ అనలేదక్కా."

"నిన్నట్నించీ మాట్లాడట్లేదు. అన్నం ముందు కూచుని లేచిపోతున్నాడు. మీరిద్దరూ కలిసి ఏం చేశారో చెప్పు."

మైలో చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ అక్క ముందు అబద్ధం చెప్పడం చిన్నప్పుడే చేతకాలేదు. గొలుసు తీసి నేల మీద పరిచి, టేపు పెట్టి, చివర లంకె పెట్టి చూపించాడు. లవోన్ బోర్లించిన బకెట్ మీద కూలబడింది. 

"మా మామగారు ఆర్విడ్ నీకు గుర్తున్నాడా?" అంది చివరికి.

"గుర్తున్నాడు. మాట తక్కువ మనిషి."

"ఆ రోజు ఆటయ్యాక కొడుకుని ట్రక్కులో ఇంటికి తీసుకెళ్ళాడు. దారంతా మాట్లాడలేదట. ఇంటి ముందు బండి ఆపి, 'ఒక్క అంగుళంరా' అని దిగిపోయాడట. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఈయన ఆటలు చూడ్డానికీ రాలేదు. ఆఖర్న మంచాన పడ్డాక, ఒకసారి దిండు మీదకు లేపుతుంటే, 'ఇంకొక్క అంగుళం పైకి' అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడేమో, ఎవరికి తెలుసు? ఈయన బయటికొచ్చి ఆసుపత్రి నడవాలో గోడకు మొహం పెట్టి ఏడ్చాడు. నేను చూశాను. నేను చూసినట్టు ఆయనకు తెలీదు."

"బావ నవ్వుతాడు కదక్కా, ఎప్పుడూ."

"నవ్వక ఏం చేస్తాడు? ఏడ్చేవాణ్ణయితే ఊరు ఇంకా ఏడిపిస్తుంది."

మైలో తల వంచుకున్నాడు. ఆ నవ్వుల్లో తనదీ ఉంది. పెళ్ళి కేకు మీద స్కేలు ముక్క చూసి తను కడుపు పట్టుకుని నవ్వాడు. "మరి చెప్పమంటావా?"

"నన్నడగకు. నేను ఎమిల్ కూతుర్నీ, డ్వేన్ పెళ్ళాన్నీ. నువ్వెటు పోయినా నాలో సగం ఏడుస్తుంది." లేచి చీపురు తీసుకుని, ఎవరూ అడక్కుండానే పాక ఊడ్చింది. పోతూ పోతూ, "కొలాచీలు తిను, ఎండిపోతాయి," అంది.

గురువారం మైలో మిషను వెలిగించాడు. తండ్రి అతికించిన చోటు గుర్తుపట్టడం కష్టం కాలేదు. అక్కడ లంకె కాస్త లావుగా, పుట్టుమచ్చలా ఉంటుంది. దాన్ని కోసి విప్పి, గుత్తిలోని లంకెను మధ్యలో ఇరికించి అతికించాడు. టేపు పెట్టి కొలిచాడు. పది గజాలు. ఎన్నో ఏళ్ళుగా జేబులో బరువు అలవాటై, గుత్తి ఇప్పుడు చేతికి తేలిగ్గా తగిలింది.

పాకలో పాత లంకెలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. అచ్చం అలాంటిదే ఒకటి ఏరాడు. గుత్తికి తగిలించి చూశాడు. ఎవరికీ తెలియదు. గొలుసు సరిపోయింది, లంకె వేలాడుతోంది, నాన్న పేరు పదిలం, ట్యాంకు మీద రాత పదిలం, చెప్పొద్దన్న బావ మాటా నిలబెట్టినట్టే. ఇంతకన్నా తెలివైన పని ఇంకోటి లేదు. దాన్నలా పట్టుకుని, ఎదురుగా కుర్రాడు నిలబడినట్టు ఊహించుకుని, చేయి ముందుకు చాచి చూశాడు. చాచిన చేయి అక్కడే ఆగిపోయింది. ఆ లంకె తీసి డబ్బాలో పడేశాడు.

శుక్రవారం రెండు ఊళ్ళూ మైదానానికి తరలివచ్చాయి. గేటు దగ్గర ఆనవాయితీ చూడ్డానికే పెద్దలంతా ముందుగా చేరారు. మెర్ల్ పోకోర్నీ డెబ్భై ఏడు నాటి జాకెట్టు తొడుక్కొచ్చాడు. పొట్టకూ బొత్తాలకూ మధ్య జానెడు ఎడం ఉంది. వ్యాలీ కుర్రాళ్ళు వరస కట్టారు. లింగ్రెన్ కుర్రాళ్ళు కూడా సిగ్గుపడుతూ వరసలో నిలబడ్డారు. డ్వేన్ కాస్త దూరంగా, కంచెకు ఆనుకుని ఉన్నాడు.

మైలో గుత్తి తీయలేదు. గొలుసు రెండు చేతులతో పట్టుకుని, కొత్తగా అతికిన చోటు పైకెత్తి చూపించాడు.

"ఈసారి దీన్ని ఇక్కడ తాకాలి," అన్నాడు. "లంకెను గొలుసులో పెట్టేశాను."

"ఏరా, ఎందుకు పెట్టావ్?" అన్నాడు మెర్ల్. "వేలాడుతుంటే బానే ఉందిగా?"

"అది లేకపోతే గొలుసు అంగుళం పొట్టి, మెర్ల్. మొన్న కొలిచాం. ఇప్పుడు సరిపోయింది."

"సరిపోతే మంచిదేగా."

"డెబ్భై ఏడులో అది లేకుండానే కొలిచాం."

మాట నెమ్మదిగా దిగింది. ముసలివాళ్ళ పెదాలు లోలోపల లెక్క కట్టడం మైలోకి కనబడుతూనే ఉంది. అంగుళం పొట్టి గొలుసు, అర అంగుళం దాటిన బంతి. ఒక్కొక్కరే తల తిప్పి డ్వేన్ వైపు చూశారు. డ్వేన్ నేల చూస్తున్నాడు. చెప్పొద్దన్నానుగా అన్న కోపం అతని మెడ మీద ఎర్రగా కనబడింది.

"అంటే ఎమిల్ కొలతలో దొంగాటకం ఆడాడనా?" అని ఎవరో వెనకనుంచి సణిగారు.

మైలో నోరు తెరిచేలోగా లవోన్ ముందుకొచ్చింది. "ఎవర్రా అంది? దొంగిలించినవాడు ఎవడైనా దొంగసొత్తు కొడుకు చేతికిచ్చి ఊరందరిచేతా దండం పెట్టిస్తాడా? మా నాన్న గట్టిగా ఉండాలని చూశాడు, పొడుగు చూడలేదు. పొరపాటు. మీరంతా దాన్ని నలభై ఏడేళ్ళు తాకారు, మీకెవరికైనా కనబడిందా? నాకూ కనబళ్ళేదు. దానికి రోజూ మాట పడింది ఎవరు?"  సణిగినవాడు జనం వెనక్కి జారుకున్నాడు.

మెర్ల్ జనాన్ని తప్పించుకుంటూ డ్వేన్ దగ్గరకు నడిచాడు. ఆ అంగుళం మీదే అతను జీవితమంతా బతికాడు. కాఫీ కొట్లో ఏనాడూ డబ్బిచ్చి కాఫీ తాగలేదు. ఎదురుగా నిలబడి, చేతులు జాకెట్టు జేబుల్లో దోపుకున్నాడు.

"అయితే నన్ను ఆపేశావన్నమాట," అన్నాడు.

డ్వేన్ తలెత్తాడు. 

"ఆపేశాను," అన్నాడు.

మెర్ల్ తలాడించాడు. "పక్కటెముకలు వారం రోజులు నొప్పెట్టినై. అప్పుడే అనుకోవాల్సింది." తర్వాత నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. "దాన్ని చెరిపించేద్దామా మరి?"

"ఎందుకూ?" అన్నాడు డ్వేన్. "ఆ రోజు మావాళ్ళూ ఆ గొలుసుతోనే కొలిపించుకున్నారు. గెలిచింది మీరే. నేను ఆపింది ఆపాను. రెండూ ఉండనియ్యండి."

 వరసలో మొదటి కుర్రాడు ముందుకొచ్చి, ఇంకా మెరుస్తున్న అతుకు మీద వేలు పెట్టి లోపలికి పోయాడు. వాడి వెనక లింగ్రెన్ కుర్రాడు. మైలో గొలుసు దించలేదు. వరస అయిపోయాక డ్వేన్ వచ్చి వెనక కర్ర అందుకున్నాడు.

"చెప్పొద్దన్నాను కదయ్యా."

"అన్నావు."

"మాట వినే ఇల్లు కాదు మీది," అన్నాడు డ్వేన్. కళ్ళు తుడుచుకోవడానికి టోపీ కాస్త ముందుకు లాక్కున్నాడు.

సంగతి గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరకు సాసేజి రొట్టెలకన్నా ముందే చేరింది. పైన గదిలో మైకు ముందు కూచున్న జీన్ బార్టోస్‌కీ చేరింది. ఆట మొదలయ్యే ముందు గొలుసు పట్టేవాళ్ళ పేర్లు చదవడం ఆనవాయితీ. జీన్ గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు తర్వాత వచ్చే వేళాకోళం కోసం జనం అలవాటు కొద్దీ మొహాలు సిద్ధం చేసుకున్నారు.

"గొలుసు దగ్గర, ముందు కర్ర, మైలో హ్రుస్కా." కాసేపు మైకులో గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "వెనక కర్ర, డ్వేన్ ఎక్‌బ్లాడ్."

ఎవరూ నవ్వలేదు. గ్యాలరీలో ఎక్కడో ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత ఇంకొకరు, తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. డ్వేన్ మాత్రం గొలుసు చిక్కు తీసుకుంటూ, ఈ చప్పట్లెవరికా అని అటూ ఇటూ చూస్తున్నాడు.

"బావా," అన్నాడు మైలో. "నీకే."